యూలలీ అక్కకు మట్టి వేసిన రోజు

లీడ్స్

చెల్లి ఆర్డెలాకు, నడుము నొప్పి తప్ప నేను బాగానే ఉన్నాను.

మన దీవి నుంచి వచ్చిన యూలలీ అక్క పోయింది. కార్నివాల్ ఊరేగింపులో రాణుల వేషాలకు రెక్కలు కుట్టి, ఇక్కడి నల్ల పిల్లలకు శనివారం బడి నడిపిన అక్క. మనవాళ్ళ సంఘం హాల్లో అందరూ తెగ పొగిడారు, గోడ మీద పేరు చెక్కిస్తామన్నారు. శ్మశానంలో మన దీవి పద్ధతిలోనే ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. గుంట నిండేదాకా పాట ఆగకూడదు కదా. పారలు పట్టింది మాత్రం నలుగురు ముసలివాళ్ళమే. కుర్రవాళ్ళు కొత్త బూట్లతో దూరంగా నిలబడ్డారు.

"పెద్దాయనా, జరగండి. యంత్రం ఉందిగా" అన్నాడు అక్కడి పనివాడు.

"మా అక్కను యంత్రంతో పూడుస్తావా? చిన్నప్పుడు నువ్వూ ఆమె కుట్టిన రెక్కలు కట్టుకుని గెంతే ఉంటావు, పోరా!" అని నాతో పాటు పార పట్టిన విల్మాట్ కసిరాడు.

గుంట సగం నిండకముందే విల్మాటే కూలబడ్డాడు. మిగతాది యంత్రమే పూడ్చింది. ఆ మోతలో పాట ఆగిపోయింది.

ఇంటి కప్పు బాగుచేయించావా? మేకలు ఈనాయా? అమ్మ సమాధి పక్కన నాకు చోటుందేమో చూసి రాయి. అక్కడ పార పట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు కదా.

పిల్లలకు దీవెనలు.

నీ అన్న,
క్లెమ్సన్