సూదికి దొరకని గడ్డ

శ్రీవారికి నమస్కారాలు.

పాప, అత్తయ్య కులాసా. నా సంగతి చివర్లో రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు మీరు అడిగినవి. పాపకి ముందు పళ్ళు ఊడాయి. మాట్లాడబోతే గాలే వస్తోందని తనే పడీపడీ నవ్వుతోంది. వంటింటి కప్పు కారడం ఆగింది. లాండ్రీలో ఇస్త్రీ పని మానేశాను. "ఇంకా ఆ మెడలో గడ్డనే పట్టుకుని కూర్చున్నావా?" అని రాశారు. కూర్చోలేదండీ, మంచం పట్టాను.

సాయంత్రమయ్యేసరికి జ్వరం. తెల్లారేసరికి చెమటకి దిండు తడిసి ముద్ద. అత్తయ్య వచ్చినవాళ్ళందరి ముందూ, "సూదికి దొరకని జబ్బు మా కోడలి నోటికి దొరికింది" అని నవ్వించేవారు. నేనూ నవ్వేదాన్ని. మీరు వెళ్ళేముందు చేయించిన సూది పరీక్షలో ఏమీ లేదని మీరే చెప్పారు కదా, నాకే బద్ధకం పట్టిందనుకున్నాను.

చంకలో కూడా బిళ్ళ కట్టాక చెల్లి నన్ను ఆసుపత్రికి లాక్కెళ్ళింది. అప్పుడు సూది పరీక్ష చేసిన డాక్టరమ్మే. ఈసారి మెడలో గడ్డ మొత్తం తీసి పరీక్షకు పంపింది. లింఫ్ గ్రంథుల క్యాన్సర్ అట.

"సూది పరీక్షలో ఏమీ లేదన్నారు కదమ్మా?" అన్నాను.

ఆవిడ నా వంక వింతగా చూసింది. "సూదికి వచ్చేవి నాలుగు కణాలు. ఉందంటే నమ్మొచ్చు, లేదంటే నమ్మకూడదు. గడ్డ తీసి చూడాలి, ఆలస్యం చెయ్యొద్దని మీ ఆయనకి వరండాలో చెప్పానే!"

చెల్లి నా చెయ్యి పట్టుకుంది. నాకు మీ ముఖమే కనిపించింది. వరండాలోంచి వచ్చి, "ఏమీ లేదట, పద" అని నవ్వారు. మర్నాడే కొత్త ఉద్యోగానికి మీ ప్రయాణం. నాకు ఆపరేషన్ అంటే మీరు ఆగిపోవాలి, ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. దారిపొడుగునా నాకు ధైర్యం కూడా చెప్పారు.

ఇంటికొచ్చి అత్తయ్యకి చెప్పాను. "వాడు నాకూ చెప్పాడు. తిరిగొచ్చాక చూద్దామనుకున్నాం" అన్నారు, బట్టలు మడతపెడుతూనే.

మందు ఎక్కిస్తున్నారు. అప్పుడే వచ్చుంటే తేలిగ్గా లొంగేదట. ఇప్పుడు ఏ సంగతీ చెప్పలేమన్నారు. పాపని తీసుకుని చెల్లి ఇంటికి వచ్చేశాను. ఇక నా గురించి ఏం చెప్పాలన్నా డాక్టరమ్మ నాకే చెబుతుంది.

నేను పోతే మీకు కబురు పంపొద్దని చెల్లి చేత ఒట్టు వేయించుకున్నాను. ఉత్తరాలు ఆగినా కంగారు పడకండి. బాగానే ఉన్నాననుకోండి.

ఇట్లు,
పాప వాళ్ళమ్మ