ఫోను నేను పెట్టెయ్యలేదు

6వ తేదీ, మంగళవారం

ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,
వినియోగదారు నంబరు 4417 నమస్కరించి రాయునది.

నాలుగో తేదీ ఆదివారం సాయంత్రం మా ఇంటి ఫోనూ, దానితోపాటు వచ్చే ఇంటర్నెట్టూ పోయాయి. బాగుచేయమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అది మీరు ఎలాగూ చేస్తారు, లేదా చేయరు. నాకు కావలసింది ఒక కాగితం.

మా చెల్లెలు ఇదే ఊళ్ళో, రెండు బస్సులు మారే దూరంలో ఉంటుంది. ఎనిమిదేళ్ళుగా మా ఇద్దరికీ మాటల్లేవు. తన పదవీ విరమణ సభలో ప్రసంగిస్తూ అది ఉద్యోగంలో చేరిన తేదీ తప్పు చెప్పింది. నేను మూడో వరసలోంచి లేచి సరిదిద్దాను. నేను చెప్పిన తేదీ సరైనదే. లేవడమే సరైనది కాదట.

మొన్న ఆదివారం 3:52కి అదే ఫోన్ చేసింది. మాట్లాడుకున్నాం. 4:16కి నేను "వింటున్నావా" అంటే జవాబు లేదు. చూస్తే గోడకున్న పెట్టెలో దీపాలన్నీ ఆరిపోయి ఉన్నాయి. కాసేపటికి చెల్లెలు నా మనవరాలి సెల్‌ఫోన్‌కి చేసి, "మీ అమ్మమ్మ నా మొహాన ఫోను పెట్టేసింది. బుద్ధి తక్కువై చేశానని చెప్పు" అందట. తర్వాత ఆ నంబరు నుంచి చేసినా ఎత్తడం లేదు.

ఆ సంగతేదో చెల్లెలికే రాయొచ్చు కదా అంటారేమో. అది కోర్టు రికార్డు గదిలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసిన మనిషి. స్టాంపు లేని కాగితాన్ని కాగితంగా గుర్తించదు. కాబట్టి "ఆ రోజు ఫోను తనంతట తానే పోయింది, వినియోగదారు పెట్టెయ్యలేదు" అని రాసి, స్టాంపు వేసి పంపగలరు. నాకు డెబ్బై మూడు, దానికి అరవై ఎనిమిది. ఇంకో ఎనిమిదేళ్ళు ఆగడానికి మా దగ్గర వ్యవధి లేదు.

ఇట్లు,
విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు (గణితం)

తా.క.: ఇంటర్నెట్ లేక నా మనవరాలు మేడ మెట్లలో మూడో మెట్టు మీద కూర్చుని ఉద్యోగం చేస్తోంది. పక్కింటివాళ్ళది అంతవరకే అందుతుందట. నాలుగో మెట్టు మీద ఉద్యోగం ఉండదు.

*

9వ తేదీ, శుక్రవారం

గౌరవనీయ వినియోగదారు గారికి,

మీ ఉత్తరం అందింది. మా సేవలపై మీరు చూపుతున్న ఆసక్తికి ధన్యవాదాలు. మీ ఫిర్యాదును "ఇంటర్నెట్ నెమ్మదిగా వచ్చుట" అనే శీర్షిక కింద నమోదు చేశాం. పెట్టెను ఆపి, పది దాకా లెక్కపెట్టి, మళ్ళీ వేయగలరు.

మరిన్ని వివరాల కోసం మీ ఇంటి ఫోన్‌కు ఏడో తేదీన మూడుసార్లు, ఎనిమిదో తేదీన రెండుసార్లు చేశాం. మీరు ఎత్తలేదు. వినియోగదారు సహకరించనందున ఫిర్యాదును ముగించడమైనది.

భవదీయుడు,
అధికారి, ఫిర్యాదుల విభాగం

తా.క.: ఫిర్యాదు ముగిసిన తీరు మీకు తృప్తినిచ్చిందో లేదో మా వెబ్‌సైట్‌లో తెలపగలరు.

*

12వ తేదీ, సోమవారం

అధికారి గారికి నమస్కారాలతో,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆరిపోయిన పెట్టెను ఎలా ఆపాలో అందులో లేదు. అయినా మీరు చెప్పారు కాబట్టి పది దాకా లెక్కపెట్టాను. పోయిన ఫోన్‌కి అయిదుసార్లు చేశామని మీరే రాశారు. ఒకసారైతే తెలియక చేశారనుకునేదాన్ని.

నిన్న నేనే చెల్లెలి ఇంటికి వెళ్ళాను. తలుపు సగం తీసింది.

"ఫోను దానంతట అదే పోయిందే" అన్నాను.

"కాగితం ఏది?"

"కాగితం దేనికే, నేను చెబుతున్నాను కదా."

"నువ్వు చెబితే ఇంక తిరుగులేదని ఎనిమిదేళ్ళ కిందట అందరి ముందూ చూశాం కదక్కా. కాగితం పట్రా."

ఎండన పడి వచ్చానని మంచినీళ్ళిచ్చింది. తాగేదాకా నిలబడి, గ్లాసు తీసుకుని తలుపు వేసింది.

అయ్యా, ఇంటర్నెట్ నెమ్మదిగా రావడం లేదు, అసలు రావడం లేదు. అది అలా ఉంచండి. నాకు కావలసింది ధ్రువీకరణ పత్రం. ధ్రువీకరణ పత్రం. రెండుసార్లు రాయడం చూసుకోక కాదు.

ఇట్లు,
4417

తా.క.: చెల్లెలు నన్ను "అక్కా" అంది. కోపంలోనే అంది. అయినా డైరీలో రాసి పెట్టుకున్నాను.

*

15వ తేదీ, గురువారం

గౌరవనీయ వినియోగదారు గారికి,

మీరు కోరిన ధ్రువీకరణ పత్రాన్ని దీనికి జతపరిచాం. మా కార్యాలయం జారీ చేసేది ఒకే రకం. మీ ఇంట్లో మీరే నివసిస్తున్నారని ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది.

అలాగే మా లైన్‌మన్ శనివారం ఉదయం తొమ్మిదికీ సాయంత్రం ఆరుకీ మధ్య ఏదో ఒక సమయంలో వస్తారు. ఇంట్లో ఉండగలరు.

భవదీయుడు,
అధికారి

తా.క.: ఈ పత్రం ఆరు నెలలు చెల్లుతుంది. ఆ తర్వాత మీరు మీ ఇంట్లో ఉంటున్నారనడానికి మేము బాధ్యులం కాము.

*

17వ తేదీ, శనివారం

అధికారి గారికి,

నా ఇంట్లో నేనే ఉంటున్నానన్న సమాచారానికి కృతజ్ఞతలు. మనవరాలికి చూపించాను. "అనుమానం తీరిపోయింది అమ్మమ్మా" అంది.

మీ లైన్‌మన్ సాయంత్రం 5:50కి వచ్చాడు. మంచివాడే. చెప్పులు బయట విడిచాడు. పెట్టె చూశాడు, వీధి మొగదాకా వెళ్ళి వచ్చాడు.

"అక్కడ ఇనప డబ్బా ఉంది కదమ్మా, దాన్నిండా నీళ్ళు. కొత్తది రావాలి. మీ తప్పేం లేదు."

"ఆ ఆఖరి మాట రాసివ్వు నాయనా."

"అది రాయడానికి గడి లేదమ్మా" అని తన కాగితం చూపించాడు. ఆఖరి కాల్ ఎలా ముగిసింది? ఒకటి, వినియోగదారు పెట్టేశారు. రెండు, అవతలివారు పెట్టేశారు.

"మూడోది ఏది?"

"మూడోది లేదమ్మా. రెండోదానికి టిక్కు పెట్టనా?"

"పెడితే మా చెల్లెలు పెట్టేసినట్టవుతుంది. అది పెట్టలేదు."

"అయితే ఒకటోది. ఏదో ఒకటి పెట్టకపోతే ఇవాళ నేను పనిలోకి రానట్టు పడుతుందమ్మా."

వద్దంటుండగానే పెట్టాడు. ముప్పై ఒక్క ఏళ్ళు ప్రశ్నపత్రాలు తయారు చేశాను. సరైన జవాబు లేని ప్రశ్న ఒక్కటీ ఇవ్వలేదు. ఆ టిక్కును దయచేసి కొట్టివేయగలరు.

ఇట్లు,
4417

తా.క.: ఆ కాగితం మీద సంతకం చేయనన్నాను. "పర్లేదమ్మా. 'వినియోగదారు తృప్తి చెందారు' అనే దానికి సంతకం అక్కర్లేదు" అన్నాడు.

*

21వ తేదీ, బుధవారం

గౌరవనీయ వినియోగదారు గారికి,

మీకు శుభవార్త. మీ పట్టుదలను గమనించి, లైన్‌మన్ నివేదిక ఆధారంగా ప్రత్యేక పత్రాన్ని స్టాంపుతో సహా తయారు చేశాం. అందులో ఇలా ఉంది: "4వ తేదీ ఆదివారం నాటి కాల్‌ను వినియోగదారు నంబరు 4417 వారే ముగించినట్టు ధ్రువీకరించడమైనది."

మీరు మళ్ళీ ఎండన పడి వెళ్ళే శ్రమ లేకుండా, ఒక ప్రతిని ఆ కాల్ చేసిన నంబరు వారి చిరునామాకు నేరుగా పంపించాం.

భవదీయుడు,
అధికారి

తా.క.: పెద్ద వయసు వినియోగదారులకు అడగకుండానే ఇలాంటి సేవలు అందించడం మా ప్రత్యేకత.

*

23వ తేదీ, శుక్రవారం

ఫిర్యాదుల విభాగం అధికారికి,

ఎనిమిదేళ్ళలో నేను చేయలేని పనిని మీరు ఒక్క స్టాంపుతో చేశారు. ఇంతకు ముందు మా చెల్లెలికి నా మీద ఉన్నది అనుమానం. ఇప్పుడు దాని చేతిలో రుజువు ఉంది.

లైన్‌మన్ టిక్కులు నాకు వద్దు. ఏ కాల్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో మీ దగ్గర యంత్రం రాసుకుంటుందని మనవరాలు చెప్పింది. ఆ రాత పంపండి. నా డైరీలో ఆ రోజు పేజీకి నకలు జతపరుస్తున్నాను: మొదలు 3:52, ఆఖరు 4:16. నా గోడ గడియారాన్ని రోజూ ఉదయం రేడియోతో సరిచూస్తాను. రెండూ పక్కపక్కన పెట్టి, మీ కళ్ళతో మీరే చూడండి.

మీ ముందున్నది ఒక ఫిర్యాదు. నా ముందున్నది ఒక్కగానొక్క చెల్లెలు.

4417

తా.క.: పైన "గారు" లేకపోవడం పొరపాటు కాదు.

*

27వ తేదీ, మంగళవారం

అమ్మా, నమస్కారం.

ఈ ఉత్తరం టైపు చేయించలేదు, నేనే రాస్తున్నాను. మీ మొదటి ఉత్తరాన్ని ఇవాళే చివరిదాకా చదివాను. ఇక్కడ ఉత్తరాలకు మొదటి రెండు పంక్తులు చూసి శీర్షిక వేయడం అలవాటు. మీ మొదటి రెండు పంక్తుల్లో చెల్లెలు గారు లేరు.

యంత్రం రాసింది చూశాను. కాల్ మొదలు 3:52. ఆఖరు 4:11. కారణం, వీధి డబ్బాలో లోపం. మీరు పెట్టలేదు, ఆవిడా పెట్టలేదు. ఆ మేరకు స్టాంపు వేసిన పత్రం ఇందులో ఉంది. పాతది రద్దు చేశాను.

ఇంకో మాట చెప్పాలి. మీ డైరీలో 4:16 అని ఉంటే మీ గడియారం అయిదు నిమిషాలు ముందుందనుకున్నాను. కానీ మొదలు రెండిటిలోనూ 3:52 అనే ఉంది. మీ గడియారం సరైనదేనమ్మా. ఆ అయిదు నిమిషాలూ మీరు ఏదైనా మాట్లాడి ఉంటే, అది అవతలికి చేరలేదు.

ఇదే కాల్ గురించి మరో వినియోగదారు కూడా మాకు రాశారు. ఒకరి ఉత్తరం సంగతి ఇంకొకరికి చెప్పడం నిబంధనలకు విరుద్ధం. కాబట్టి చెప్పడం లేదు.

నమస్కారాలతో,
అధికారి

తా.క.: ఈ కార్యాలయంలో కవర్లు అంటించేది నేనొక్కణ్ణే. ఇరవై రెండేళ్ళలో ఒక్క కాగితమూ కవరు మారలేదు. ఈ కవరులో మీది కాని ఉత్తరమేదైనా కనబడితే అది పొరపాటు. మీ ఉత్తరాలు కూడా అలాగే ఇంకో చిరునామాకి వెళ్ళి ఉండవచ్చు. నిబంధన 14 ప్రకారం వాటిని వినియోగదారులు స్వయంగా కలుసుకుని మార్చుకోవాలి. పొరపాటు ఎలా జరిగిందో విచారిస్తున్నాను.

*

31వ తేదీ, శనివారం

నాయనా, దీవెనలు.

నీ కవరులో నాది కాని ఉత్తరం కనబడింది. పరాయి ఉత్తరం చదవడం నా పద్ధతి కాదు. ఎవరిదో తెలుసుకోవడానికి మాత్రం చివరిదాకా చదవాల్సి వచ్చింది. అందులో ఒక పేరా:

"మీరు పంపిన పత్రం మీద ఫైలు నంబరు లేదు. కనుక అది చెల్లదు. 4417 మా అక్క. ఎంత చిన్న తప్పయినా వదలదు గానీ, అబద్ధం ఆడదు. ఫోను తానే పోయిందని మా గుమ్మంలో నిలబడి చెప్పింది. ఆ రోజు నేను 4:18 వరకు మాట్లాడాను. అందులో ఎన్ని నిమిషాలు ఆవిడకి వినిపించాయో స్టాంపుతో తెలియజేయగలరు."

4:11 నుంచి 4:18, ఏడు నిమిషాలు. నాకు ఒక్క మాటా వినిపించలేదు.

ఏం జరిగిందో ఇప్పుడు తెలిసింది. 4:10కి ఇద్దరం మాటలాపాం. ముందు తనంటుందని నేను, ముందు నేనంటానని తను. ఆ నిశ్శబ్దంలో మీ డబ్బా పోయింది. అవతల చప్పుడు లేకపోయేసరికి వింటోందనుకుని నేను మొదలుపెట్టాను. అక్కడ అదీ అదే పని చేసింది. ఎనిమిదేళ్ళు పట్టిన మాటలు ఇద్దరం కలిసి పన్నెండు నిమిషాలు నీళ్ళ డబ్బాకి చెప్పుకున్నాం.

మొన్న గురువారం చెల్లెలు నా ఉత్తరాల కట్ట పట్టుకుని వచ్చింది. నిబంధన 14 ప్రకారం మార్చుకున్నాం. రసీదులు రాసుకున్నాం. తర్వాత ముందు గదిలో ఎదురెదురుగా కూర్చున్నాం.

"ఆ అయిదు నిమిషాలూ ఏం చెప్పావక్కా?"

"ఏడు నిమిషాలు నువ్వేం చెప్పావు?"

"నాది పెద్దది, తర్వాత చెబుతా. చిన్నది ముందు కానీ."

"పెద్దదాన్ని నేను. చిన్నదానివి నువ్వే ముందు."

అక్కడ ఆగింది. నిన్న మనవరాలు చెల్లెల్ని వంటింట్లో, నన్ను ముందు గదిలో కూర్చోబెట్టి మధ్య తలుపు వేసింది. గొంతు పెంచితే తప్ప వినబడలేదు. పెంచేసరికి పోట్లాడుతున్నట్టే ఉంది. పక్కింటావిడ వచ్చి సర్ది చెప్పింది. సెల్‌ఫోన్‌లో చెప్పుకోవచ్చు కదా అంది మనవరాలు. అందులో మాటలు రికార్డవుతాయని చెల్లెలు ఒప్పుకోదు. రికార్డుల సంగతి దానికి తెలుసు.

కాబట్టి తేలిందేమంటే, ఆ మాటలు మొహం చూస్తూ చెప్పేవి కావు. తను తన ఇంట్లో, నేను నా ఇంట్లో ఉంటే తప్ప నోట రావు. ఇన్నాళ్ళూ మీరు బాగుచేస్తామంటే కాగితం అడిగాను. కాగితం అందింది. ఇప్పుడు ఫోను బాగుచేయండి. కొత్త డబ్బా వెంటనే పెట్టించగలరు.

ఈ ఉత్తరాన్ని చెల్లెలు చదివి సరిచూసింది. ఒక తేదీ తప్పని చెప్పింది. తప్పే. దిద్దాను.

ఇట్లు,
4417 మరియు సోదరి

తా.క.: ఇది చెల్లెలు స్నానానికి వెళ్ళినప్పుడు రాస్తున్నాను. కొత్త డబ్బా పెట్టిన రోజే ఇంటికి వెళ్ళి, అక్కణ్ణుంచి ఫోన్ చేస్తానంటోంది. అందాకా ఇక్కడే ఉంటుందట. రెండు చీరలతో వచ్చింది, ఇవాళ వెళ్ళి మరో నాలుగు తెచ్చుకుంది. ఇంటర్నెట్ లేకున్నా సర్దుకుంటానని మనవరాలు మాటిచ్చింది. అందుచేత, పైన "వెంటనే" అని రాసిన చోట మీ కార్యాలయం మామూలు పద్ధతినే పాటించగలరు.