బావ మర్యాద

విన్నిపెగ్,
నవంబరు నెల, ఆదివారం

బావా ఏంగస్,

నీ క్షేమం అడగను. మొన్న మన లూన్ నారోస్ ఊరి స్కూలు హాల్లో ముందు వరసలో దర్జాగా కూర్చుని టీ తాగుతుంటే చూశాను, నిక్షేపంలా ఉన్నావు. నాకే ఒళ్ళు మండుతోంది. ఊరినుంచి ఇక్కడిదాకా బస్సులో ఒక్క కునుకు తీస్తే ఒట్టు. ఫోన్ చేయకు, తియ్యను. చెప్పేదేమైనా ఉంటే రాసి చెప్పు.

నువ్వేం చేశావో తెలుసా? నేను నా నవల్లోంచి చదవడం అయిపోయింది, ఊరంతా చప్పట్లు కొట్టింది, నువ్వు లేచి నిలబడ్డావు. హమ్మయ్య, ఇక మా బావ మొదలెడతాడు అనుకున్నాను. పట్నం తిండికి నడుం కనపడకుండా పోయిందనో, ఈ కళ్ళద్దాల్లో ఏటిగట్టు ముసలి బీవరులా ఉన్నాననో అంటావని, తిరిగి అనడానికి మాట కూడా సిద్ధం చేసుకున్నాను. నువ్వు టోపీ తీశావు. చెయ్యి చాపావు. "మీరు చాలా మంచి పుస్తకం రాశారండీ. మీవల్ల మా ఊరికి ఎంతో పేరొచ్చింది" అన్నావు.

మీరా? కొత్తగా వచ్చిన పాస్టరుతో అంటారు మీరు అని. రాత్రిపూట తలుపు తట్టిన పోలీసుతో అంటారు. మేనమామ కూతుర్ని అంటారా? మరదల్ని ఏడిపించని బావ ఉంటాడా మన క్రీ తెగవాళ్ళలో? "బావ నిన్నేమీ అనడంలేదంటే వాడికి నువ్వు పరాయిదానివి అయిపోయావనే లెక్క" అని నాకు చిన్నప్పుడు చెప్పింది మీ అమ్మే. నాన్నని పూడ్చిన రోజు నేను గొయ్యి పక్కన కూలబడి ఏడుస్తుంటే, "ఒసేయ్, ముందు ఆ ముక్కు తుడుచుకో. గడ్డకట్టిందంటే గొడ్డలి తేవాలి" అన్నావు. ఏడుస్తూనే పకపకా నవ్వాను. ఆ చలికాలమంతా ఆ మాట తలుచుకునే బతికాను. అలాంటి నువ్వు నన్ను అండీ అంటావా?

నవల చివర నిన్ను చంపానని కోపమా? అందులో బావ తాగి మంచులో పడి చచ్చిపోతాడు, నిజమే. అది మిస్ ప్రెంటిస్ అడిగిన చావు. ప్రచురణ సంస్థలో నా పుస్తకాలను సరిదిద్దేది ఆవిడే. "చివర్లో ఒక చావుంటే పాఠకుల గుండె కరుగుతుంది విల్మా" అంది. అప్పటికి నేను ఆస్పత్రిలో ముసలివాళ్ళ పక్కలు మారుస్తూ, సెలవురోజుల్లో వంటింటి బల్లమీద రాసుకునేదాన్ని. అచ్చవుతుందంటే చాలనుకున్నాను. బహుమతి కూడా వచ్చింది. కోపముంటే నలుగురిలో నిలబెట్టి తిట్టు. తిట్టడానికి నీకంటే హక్కు ఎవరికుంది?

ఇప్పుడు రెండో నవల ఆవిడ దగ్గరే ఉంది. ఇందులో నువ్వున్నావు, చేపల వలలు లాగుతూ, నన్ను ఏడిపిస్తూ. ఆవిడ ఏం రాసి పంపిందో తెలుసా? "ఈ కజిన్ అందరి ముందూ ఆ అమ్మాయిని వేధిస్తున్నాడు. ఆమె నవ్వుతోంది ఎందుకు? ఈ అధ్యాయాలు తీసేయండి, మీ జనం పడ్డ బాధ గురించే రాయండి." మేనత్త కొడుకూ పెదనాన్న కొడుకూ వాళ్ళకి ఒకటే, అందరూ కజిన్లే. నేను వేసవి మొదలు ఆవిడతో పోట్లాడుతూనే ఉన్నాను. ఇంకెవరికోసం పోట్లాడాలి? నన్ను ఏడిపించే బావ నిజంగానే లేడుగా. క్రిస్మస్‌లోపు జవాబు అడిగింది. తీసేయమని చెప్పేస్తాను. తరవాత మన ఊరి గురించి ఒక్క ముక్క రాయను, ఆ ఊరికి రాను.

ఇక నీకేమీ కాని
విల్మా సీవాప్

*

లూన్ నారోస్,
డిసెంబరు

ఒసేయ్ ముసలి బీవరూ,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించా. నవ్వి నవ్వి ఆవిడ కట్టుడుపళ్ళు టీ గ్లాసులో పడ్డాయి.

నన్ను చంపింది నువ్వు. చచ్చినోడు మరదలితో పరాచికాలాడతాడటే? చచ్చినోడు ఎంత మర్యాదగా ఉంటాడో నీకు చూపిద్దామని అద్దం ముందు నిలబడి ఆ "మీరు" ఎన్నిసార్లు అనుకున్నానో! హాల్లో అందరికీ తెలుసు. మా ఆవిడ నవ్వాపుకోలేక కోటు కాలర్లోకి మొహం దాచుకుంది. అమ్మ దగ్గు నటించింది. నువ్వెప్పుడు విరుచుకుపడతావా, "శవం కంపు కొడుతోంది, ఎవరైనా తీసుకెళ్ళి పూడ్చండి" అని ఎప్పుడంటావా అని ఊరు ఊరంతా పొట్ట పట్టుకుని కూర్చుంటే, నువ్వేమన్నావు? నా చెయ్యి ఊపి "థాంక్యూ" అన్నావు.

ఆ థాంక్యూతో అందరికీ నవ్వు చచ్చిపోయిందే. ఎవరి దారిన వాళ్ళు ఇంటికి నడిచాం. దారిలో అమ్మ, "దానికి మనం వినపడటం లేదురా" అంది.

ఇక నా కోపం విను. నువ్వొక్కదానివే మండుతున్నావనుకోకు. నన్ను చంపావని కాదు. ఊళ్ళో పిల్లలు నన్ను దెయ్యం మామా అంటున్నారు, నాకది బానే ఉంది. చిన్నప్పుడు మీ నాన్ననీ మా అమ్మనీ ఇళ్ళనుంచి లాక్కెళ్ళి పడేసిన ఆ ఫాదరీల హాస్టలు బడి గురించి ఆ నవల్లో రాశావు చూడు, అదీ నాకు మంట. పిల్లలు ఏడుస్తారు, ఆకలికి మాడతారు, మన భాష మాట్లాడినందుకు దెబ్బలు తింటారు. అన్నీ నిజాలే. అమ్మ మొత్తం చదివించుకుని, "మరి మా నవ్వేదిరా? ఇది ఏ బడి?" అంది.

మీ నాన్న భోజనాల గదిలో, సిస్టర్ వెనక్కి తిరిగిందంటే చాలు, ఆవిడలా నడుం తిప్పుతూ నడిచేవాడట. అవతల ఆడపిల్లల బల్లమీద నవ్వుకి గంజి ముక్కుల్లోంచి వచ్చేదట. అందరికీ తోలుపట్టాతో దెబ్బలు. మర్నాడు చేతులు వాచిపోయి స్పూను పట్టుకోలేకపోయినా మళ్ళీ నడిచేవాడట, వీళ్ళు మళ్ళీ నవ్వేవాళ్ళట. "ఆ నవ్వు లేకపోతే మాలో సగంమందిమి మట్టిలో ఉండేవాళ్ళం" అంటుంది అమ్మ.

వాళ్ళు దెబ్బలు తిని కూడా నవ్వు మానలేదే. నిన్నెవరూ కొట్టలేదు. ఒకావిడ మర్యాదగా అడిగితే తీసి ఇచ్చేశావు. ఇప్పుడు రెండోసారి ఇవ్వబోతూ, అది నా నెత్తిన రుద్దుతున్నావు.

ఇవ్వు. నీ పుస్తకం నీ ఇష్టం. కానీ ఈసారి నేను నిన్ను మీరు అంటే అది పరాచికం కాదు.

దివంగత
ఏంగస్

*

విన్నిపెగ్,
క్రిస్మస్ ముందు

దివంగతుడైన మా బావకి,

నీ ఉత్తరం చదివి రోజంతా పళ్ళు నూరాను. మొదట నీమీద, తరవాత మిస్ ప్రెంటిస్ మీద. ఆఖరికి మిగిలింది నేనే. హాలంతా నవ్వు బిగబట్టుకుని ఉంటే నాకు తెలియలేదు చూడు, అది నన్ను కోస్తోంది. ఆ చెవి ఎప్పుడు పోగొట్టుకున్నానో కూడా నాకు తెలియదు. ఇంత సిగ్గు నా జన్మలో పడలేదు.

ఆ కోపం చల్లారకముందే ఆవిడకి ఫోన్ చేశాను. ఒక్క ముక్క తియ్యనన్నాను.

"పాఠకులకి అర్థం కాదు విల్మా."

"మావాళ్ళకి అవుతుంది."

"అలాగైతే మేం వేయలేకపోవచ్చు."

"అయితే తిరిగి పంపించండి" అని పెట్టేశాను. అచ్చవుతుందో లేదో, ఎవరు వేస్తారో తెలియదు. ఆస్పత్రి ఉద్యోగం ఇంకా ఉందిలే. బడి మళ్ళీ రాస్తాను. నాన్న నడక ఎలా ఉండేదో ఒకసారి నడిచి చూపించమని అత్తని అడుగు. సెలవు దొరకగానే వస్తున్నాను.

నువ్వు కూడా ఈసారి బతికే ఉంటావు, భయపడకు. కాకపోతే బట్టతల పెట్టాను. పాస్టరుగారి అక్క వెంట పడి తిరుగుతుంటావు, ఆవిడ చీపురు తిరగేస్తుంటుంది. ఆ అధ్యాయం నిన్ననే రాసేశాను. నకలు ఇందులోనే పెడుతున్నాను. చదివి ఏడు.

నీ మరదలు
విల్మా