నువ్వు చెప్పిన సినిమా

రాజక్కా,

నువ్వు పోయి ఇయ్యాలటికి యాడాది. పొద్దుగాల నీ ఫొటోకు దండేసి టీవీ పెడితే మన కాలపు నలుపు తెలుపు సినిమా వస్తున్నది. గా పెద్ద కండ్ల హీరోయిన్‌దే. నువ్వు చొప్పదండి టాకీసుల చూసొచ్చి చెప్పినవు. నేను ఇన్నేండ్లల్ల ఒక్కసారి సుత చూడలే.

బీడీలు చుట్టే ఆడోళ్లందరం సినిమాకు పోతే పని ఆగుతదని ఒక్కదాన్నే పంపేటోళ్లం. పోయినామె వంతు బీడీలు మిగిలినోళ్లం చుట్టాలె, ఆమె వచ్చి కథ చెప్పాలె. నీ లెక్క చెప్పుడు ఎవ్వలకు రాకపోయేది. హీరోయిన్ ఏడ్చిందంటే నీ కండ్లల్ల నీళ్లు కారేటివి. ఎన్ని సినిమాలు నీ నోటనే చూసిన్నో.

గీ సినిమా నువ్వు చూసొచ్చిననాడు నేను మొగని దెబ్బలు తాళలేక తల్లిగారింట్ల అవ్వ దగ్గర ఉన్న. "ఆఖరికి ఆమె మొగని దగ్గరికే పోయింది చెల్లె. ఆయన మారిండు, ఇద్దరు మంచిగున్నరు" అన్నవు. చేతిల తునికాకు అట్లనే పట్టుకొని విన్న. తెల్లారి అత్తగారింటికి మంథని బస్సెక్కిన.

ఆయన మారలే. నీకు తెలుసు.

ఇయ్యాల ఆఖరిదాంక చూసిన. ఆమె బిడ్డను చంకనేసుకొని గడప దాటింది. మొగడు ఎంత పిలిచినా వెనక్కి తిరిగి చూడలే. గా పెద్ద కండ్లల్ల చుక్క నీళ్లు సుత లేవు.

గట్ల చెప్పుమని అవ్వ అన్నదా, నీకే తోచిందా, ఇప్పుడు ఎవలనడగాలె? దండ తీసేద్దామని లేచిన, మళ్ల కూసున్న.

గా రోజు నీ వంతు బీడీలన్ని నేనే చుట్టిన అక్కా. సినిమా ఉన్నదున్నట్టు చెప్పాలె గద.