నోట్లో ఉంచుకున్న నీళ్లు

జూన్ 8
నాన్నకు డయాలసిస్ మొదలై నాలుగో నెల. రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరు గారు గ్లాసు మీద గీత గీసి మరీ చెప్పారు. ఈ ఉదయానికే గీత దాటేశాడు. మళ్లీ అడిగాడు. "మింగనులేవే. నోట్లో ఉంచుకుంటాను, అంతే." ఇచ్చాను. కళ్లు మూసుకుని చాలాసేపు ఉంచుకున్నాడు. తర్వాత పెరట్లోకి వెళ్లి ఉమ్మేశాడు.

జూన్ 11
ఆ మాట మీదే పల్లవి కట్టాను. మా బ్యాండులో పాడేది నేను, గిటారు వాయించేది బావ, మేనత్త కొడుకు. ఒక్కసారి విన్నాడు.
"మావయ్య మాటే కదా. ఆయనకి సెప్పావేటి?"
సెప్తాను అన్నాను. చెప్పలేదు.

జూన్ 22
రికార్డింగ్. పలాసలో గణేష్ వాళ్ల జీడిపిక్కల గోడౌన్. గోనె సంచుల మధ్య మైకు, వాటి వెనక గణేష్ డ్రమ్ములు. ఫ్యాను ఆపేశాం. ఊపిరాడలేదు. బావ గిటారు ఎవరినో తిడుతున్నట్టుంది. బాగుంది. పదకొండోసారి కుదిరింది.
"మజ్జలో ఇంగ్లీసు ముక్క ఒకటెడదామేటి?" అన్నాడు గణేష్. వద్దన్నాను.

జూలై 5
యూట్యూబులో పెట్టాం. సాయంత్రం దాకా విన్నవాళ్లంతా చుట్టాలే. నాన్న దగ్గర స్మార్ట్ ఫోను లేదు... అదొక నయం.

జూలై 9
కామెంట్లు. 'ఈ యాస ఏంటండీ, కింద అర్థాలు వెయ్యండి.' ఇంకొకరు - 'ఈ ఏడాది మందు పాట ఇదే.'
మందు పాట. రెండుసార్లు చదివాను.

జూలై 19
కవిటి వైపు ఏదో పెళ్లి ఊరేగింపు, రీల్. బీరు నోట్లో పోసుకుని, బుగ్గలు ఉబ్బించి, మా పల్లవికి ఆడుతున్నారు. చివర్లో ఒకరి మీద ఒకరు ఉమ్ముకున్నారు. అందరి ఫోన్లలోనూ అదే.
గణేష్ - "ఎలాగైతేనేటి, పాట ఎల్లింది కదా."
బావ - "అసలు సంగతి కింద రాసేద్దామే."
రాయాలంటే నాన్న గురించి రాయాలి. వద్దన్నాను.

జూలై 20
వాన. బడికి వెళ్లాను, పాఠాలు చెప్పి వచ్చాను.

జూలై 24
ఆసుపత్రి. నాన్న పక్క మంచం కంచిలి నుంచి వచ్చే పెద్దాయనది. ఆయన ఫోనులో మా పాట. మొత్తం విన్నాడు. మళ్లీ పెట్టాడు.
"ఎవలిదయ్యా ఆ పాట?" నాన్న అడిగాడు.
"ఎవలో ఆడగుంట పాడింది. ఆళ్లింట్లోనూ మనలాటోడు ఉన్నాడు గావాల."
నాన్న నా వైపు చూశాడు. నా గొంతు ఆయనకు తెలియకపోవడం ఏమిటి. నేను మిషను వైపు చూస్తూ కూర్చున్నాను.
ఆటోలో నాన్నా నేనూ మా ఊరు నందిగాం వచ్చాం. దిగాక - "అడిగుంటే ఇంకా మంచి మాట సెప్పేవోన్ని కదా."
కోపమో ఏమో. అటు తిరిగి అన్నాడు, మొహం కనబడలేదు.

జూలై 27
గణేష్ ఫోను. సోంపేటలో పెళ్లి, స్టేజీ మీద మేమే పాడాలట. ఆ ఒక్క పాట ఉంటే చాలట.
ఈసారి ముందే నాన్నను అడిగాను. చొక్కా గుండీలు పెట్టుకుంటూ విన్నాడు.
"తాగి ఆడతారు గావాల?"
"ఆడతారు."
గుండీలన్నీ పెట్టుకున్నాడు.
"అయితే నువ్వు పాడినప్పుడు నన్ను ముందర వరసలో కూకోబెట్టు. సూత్తాను."
గణేష్ మళ్లీ రెండుసార్లు ఫోను చేశాడు. సరేననాలో వద్దనాలో తేలక నేను ఇంకా ఎత్తలేదు.