చీలికచెవి పోతు

డిసెంబరు 30

ప్రియమైన నాన్నకు,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, బాగా అలిసిపోయాం, అంతే. అమ్మ పండగ వారమంతా వృద్ధాశ్రమంలో రెండేసి షిఫ్టులు చేసింది. ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే కుర్చీలో నిద్రపోతోంది. నువ్వు పనికెళ్లిన డకోటాలో ఆ చలికి నీ మోకాలు ఎలా ఉంది? ఉన్ని మేజోళ్లు అందాయా?

నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. పొయ్యి గొట్టం వెండెల్ బాబాయి శుభ్రం చేశాడు. ట్రక్కుకు కొత్త బ్యాటరీ వేయించాం. కాలేజీలో జింకల మీద నేను రాసిన వ్యాసానికి మంచి మార్కులే వచ్చాయి. అందులో ఏముందని అడిగావు. నవంబరులో జత కుదరని ఆడజింకలు నాలుగు వారాలకు మళ్లీ ఎదకొస్తాయి. బాగా తిని బలిసిన ఆడ జింకపిల్లలైతే, ఆ ఏడు పుట్టినవే అయినా, డిసెంబరులో మొదటిసారి ఎదకొస్తాయి. అప్పటికి పోతుజింకలు తిండీ నిద్రా మాని చిక్కి సగమై ఉంటాయి. అయినా ఆ ఎద వాసన తగిలితే లేచి నడుస్తాయి. ఇదంతా నీకు తెలిసిందే. నేను పేజీలకు నంబర్లు వేశాను, అంతే.

ఇక మన చీలికచెవి పోతుజింక సంగతి. "అది బతికే ఉంటే చెప్పు, జనవరి రెండో వారం సెలవు పెట్టి వస్తాను. చెకుముకి తుపాకులతో వేటాడే సీజను ఆఖరి రోజులు దొరుకుతాయి" అని రాశావు. మూడేళ్లుగా దానికోసం కాచుకుని ఉన్నావు. ఈ జవాబు ఫోనులో చెప్పాలని రెండుసార్లు చూశాను. నోరు రాలేదు.

శనివారం పొద్దున బాబాయితో వాగు పక్క చిట్టడవికి వెళ్లాను. నా దగ్గరున్నది కొమ్ములు లేని జింకను వేటాడటానికి ఇచ్చే అనుమతి చీటీ. ఇంట్లో మాంసం అయిపోవచ్చింది. తొమ్మిదింటికి మంచులోంచి ఒక పిల్లజింక వచ్చింది, తోక పక్కకు పెట్టి, ఆగి ఆగి నడుస్తూ. వెనకాలే కొమ్ముల్లేని పెద్ద జింక, బక్కచిక్కి, తల దించుకుని. తల్లీకూతుళ్లు అనుకున్నాను. పాపం, తల్లి ఈ చలికాలం దాటదు అని కూడా అనుకున్నాను. పెద్దదాన్ని కాల్చాను.

బాబాయి ముందుగా చేరుకున్నాడు. దాని తల పైకెత్తి నాకు చూపించాడు.

"ఏమ్మా కాలేజీ, తల్లయితే ముందు నడుస్తుంది కదే? కూతురి తోకకు ముక్కు ఆనించుకుని ఏ తల్లి నడుస్తుంది?"

చెవుల ముందు రెండు ఎర్రటి గుండ్రటి పుండ్లు. ఏటా చలికాలంలో రాలే కొమ్ములు ఊడి ఒక రోజైనా అయి ఉండదు. ఎడమ చెవి మొదలుదాకా చీలి ఉంది.

నాన్నా, నేను ఇరవై పేజీలు రాసింది ఈ డిసెంబరు ఎద గురించే. అదే నా కళ్లముందు నడిచిపోతుంటే గుర్తుపట్టలేకపోయాను.

"చట్టం ప్రకారం తప్పేం లేదులే, కొమ్ముల్లేవుగా" అన్నాడు బాబాయి. "వేటశాఖకు పంపే కాగితం మీద ఆడదని రాసెయ్. కొండ అవతలికి పోయిందని మీ నాన్నతో నేను చెప్తా. వాడొస్తాడు, వారం రోజులు మంచులో కూచుంటాడు, హాయిగా పోతాడు."

"లేని జింక కోసమా బాబాయ్?"

"నిజం చెప్తే అసలొస్తాడా? ఓవర్‌టైమని క్రిస్మస్‌కే రాలేదు."

అయినా కాగితం మీద మగది అని రాశాను.

సెలవు పెట్టాలా అని అడిగావు. జింక కోసమైతే వద్దు, అది లేదు. నా మీద కోపం వస్తే అది కూడా ఉత్తరంలో రాయి, చదువుతాను. కానీ ఒక మాట. అమ్మ ఏనాడూ తుపాకీ ముట్టుకోలేదు. అయినా పనినుంచి రాగానే రోజూ అడుగుతోంది, "ట్రెస్సా, మీ నాన్న పోతు కనిపించిందా?" అని. ఆ ప్రశ్న జింక గురించి కాదని నాకు ఈ వారమే తెలిసింది. పొయ్యి మీద ఉడుకుతున్నది దేని మాంసమో ఆమెకు ఇంకా చెప్పలేదు. ఏం చెప్పాలో నువ్వే రాయి.

ఇట్లు,
తప్పు నీ ముందు పెట్టి ఎదురుచూసే నీ కూతురు,
ట్రెస్సా