పాపం అనకుండా చదవండి

జూన్ 3, మంగళవారం

నవల ఈ-బుక్‌గా అప్‌లోడ్ చేశాను. మా ఆవిడ ఐదో నవల, చివరిది. కవర్ మీద ఆమె పేరే ఉంది. అమ్మిపెట్టే పని మాత్రం ఇక నాది.

ఆసుపత్రి మంచం మీదే ఆఖరి అధ్యాయం దిద్దింది. ఒక్కటే షరతు పెట్టింది. రాసిన మనిషి పోయిందట, పాపం అనుకుంటూ ఎవరూ చదవకూడదు. ప్రేమకథని ప్రేమకథలాగే అమ్మాలి. సరే అన్నాను.

ప్రచారానికి బడ్జెట్, ఆమె స్కూటర్‌కి నెలనెలా పోయించే పెట్రోలు డబ్బు. స్కూటర్ ఎలాగూ కదలడం లేదు.

జూన్ 5

ఆమె రచనల పేజీలో యాడ్ పెట్టాను. మొక్కలు అమ్మే ఆమె, గడియారాలు బాగుచేసే అతను, పరిచయమవుతారు, గొడవపడతారు, విడిపోతారు, ఇరవయ్యో అధ్యాయంలో పెళ్లి చేసుకుంటారు అని రాశాను.

మరదలు ఫోన్ చేసి ఉతికి ఆరేసింది. ముగింపు చెప్పేశాక ఇంకెవరు కొంటారట. ఇది టీజరా బావా, పోస్ట్‌మార్టం రిపోర్టా అంది. ఆ మాట అనేసి టక్కున ఫోన్ పెట్టేసింది.

ల్యాబ్ అలవాటు. మట్టి పరీక్ష రిపోర్టులో ఫలితం మొదటి లైన్లోనే ఉండాలి. పునాది వేయొచ్చా వద్దా అన్నదే కాంట్రాక్టర్ చూస్తాడు.

జూన్ 6, ఉదయం

యాడ్ తీసేద్దామని తెరిచాను. కింద కామెంట్లు. ఒకావిడ, పోయినసారి కొన్న నవల్లో హీరోని చంపేశారు, వారం రోజులు అన్నం సయించలేదు, పెళ్లవుతుందని ముందే చెప్పి పుణ్యం కట్టుకున్నారు అని రాసింది. ఇంకొకావిడ, ఎన్నో అధ్యాయంలోనో కూడా చెప్పారు కాబట్టి ధైర్యంగా కొంటున్నానంది.

మరదలికి పంపాను. నీ అదృష్టం తగలెయ్య అని జవాబు.

జూన్ 10

నాలుగు రోజుల సంబరం. డౌన్‌లోడ్లు ఆగిపోయాయి.

ల్యాబ్‌లో ట్రేలలో మట్టి ఆరుతోంది. ఫోన్ తీస్తాను, చూస్తాను, జేబులో పెడతాను, మళ్లీ తీస్తాను. మేనేజర్ చూసి, ఏంటి మాస్టారూ, ఈ వయసులో లవ్వా అన్నాడు. అవునన్నాను. అతనే తల తిప్పుకున్నాడు.

జూన్ 13

ఆమె వెళ్లే పార్లర్‌కి వెళ్లాను. జుట్టుకు రంగు వేశాక ఎవరైనా కదలకుండా కూర్చోవాల్సిందే కదా, అక్కడ మొదటి అధ్యాయం ప్రింట్లు పెడదామని ఆలోచన. మగవాళ్లు లోపలికి రాకూడదు. గుమ్మంలో నిలబడే మాట్లాడాను.

పార్లర్ ఆవిడ ప్రింటు అటూ ఇటూ తిప్పి, ఇందులో ముద్దుందా అని అడిగింది. లేదన్నాను. అయితే ఉన్న అధ్యాయం తెండి అన్నగారూ అంది. లోపల ఎవరో పకపకా నవ్వారు.

జూన్ 14

తొమ్మిదో అధ్యాయం. ప్రింట్ షాపులో తలెత్తలేదు.

జూన్ 19

పార్లర్‌లో చదివినావిడ ఎవరో పెద్ద రీడర్స్ గ్రూప్ అడ్మిన్‌కి చెప్పిందట. అడ్మిన్ ఫోన్ చేసింది. మరదలు ఆవిణ్ణి అడ్మినమ్మ అంటుంది. ఆదివారం లైవ్ పెడతారట, పైసా ఖర్చు లేదట. రచయిత్రి స్వయంగా వచ్చి ఒక అధ్యాయం చదవాలి. అదే రూలు. మళ్లీ చెప్తానని పెట్టేశాను.

అక్కా నేనూ ఒకే గొంతు, నేను చదివేస్తా బావా అంది మరదలు. నవ్వుతోందో ఏడుస్తోందో ఫోన్‌లో తెలియలేదు. వద్దన్నాను.

హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి తిరుగుతున్నాను. సంగతి చెప్తే పాపం అంటారు. చెప్పకపోతే లైవ్ లేదు. వేలమంది వింటారు.

జూన్ 22, ఆదివారం, ఉదయం 9

అడ్మినమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నేను భర్తను, నేను చదువుతాను, ఆమె లేదన్న మాట మాత్రం బయటపెట్టకండి అన్నాను. ఒట్టు అంది.

సాయంత్రం 6

చదివాను. తొమ్మిదో అధ్యాయమే. గొడవ దగ్గర నవ్వారు. ముద్దు దగ్గర గొంతు సవరించుకోవాల్సి వచ్చింది, ఇంకా నవ్వారు. ఆవిడేరి సార్, సిగ్గుపడి మీ మీదకు తోసేశారా అని ఒకరడిగారు. నేను నోరు తెరిచేలోపే అడ్మినమ్మ ఉండబట్టలేక చెప్పేసింది. చెప్పి ఏడ్చింది.

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

జూన్ 23

పొద్దుటినుంచి ఐదు స్టార్లు కురుస్తున్నాయి. దండాలు, కన్నీళ్ల బొమ్మలు. పాపం, అయ్యో పాపం, ఎంత పాపం. కథ గురించి ఒక్క ముక్క లేదు. పుస్తకం తెరిచినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అనుమానం.

డౌన్‌లోడ్లు ఎప్పుడూ లేనన్ని. ఎలాగైతేనేం బావా, అక్క పేరు మోగిపోతోంది అంది మరదలు. ఫోన్ పెట్టేశాను.

పోతూ ఆమె అడిగింది ఒక్కటే.

జూన్ 24

యాడ్ ఆపేశాను.

జూన్ 28, మధ్యాహ్నం

రెండు స్టార్లు.

ఇచ్చినావిడ లైవ్ విన్నదట. రచయిత్రి సంగతి తెలుసట, అయినా ఊరుకోలేనని మొదలుపెట్టింది. హీరోయిన్ బంగారమట. హీరో ఉత్త మొద్దట. ఆమెకు జ్వరమొస్తే తెల్లవార్లూ పక్కనే కూర్చుంటాడు గాని ఎలా ఉందని నోరు తెరిచి అడగడట. ఆమె గోడ గడియారం బాగుచేసి, గుమ్మంలో పెట్టి పారిపోతాడట. పదహారు అధ్యాయాలు ఓపిక పట్టిందట, ఇక తన వల్ల కాదట. ఇలాంటి మనిషిని ఏ ఆడది ప్రేమిస్తుంది అని అడిగింది.

నిలబడి చదివాను. కూర్చుని చదివాను. పదహారు అధ్యాయాలు చదివింది. విసుక్కుంది. కోప్పడింది. ఎక్కడా పాపం అనలేదు.

మరదలికి ఫోన్‌లో మొత్తం వినిపించాను. పగలబడి నవ్వింది. ఈ రివ్యూ పుస్తకానికా బావా, నీకా అంది. నేనూ నవ్వాను. చాలా రోజులైంది.

యాడ్ మళ్లీ పెట్టాను.

జూన్ 29

ఆ రెండు స్టార్ల కింద జవాబు రాశాను. తుడిపేశాను. మళ్లీ అదే రాసి పోస్ట్ చేశాను.

ఒకావిడ ప్రేమించిందండీ. మిగిలిన నాలుగు అధ్యాయాలూ చదవండి.